పదకొండు ఖాళీలు

జూన్ 3

చెవులపిల్లీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఈ మధ్య ఫోన్లు బొత్తిగా పాడైపోయాయి తల్లీ. ఎవరు మాట్లాడినా నోట్లో గుడ్డ కుక్కుకుని గొణిగినట్టే ఉంటోంది. మొన్న మీ నాన్న ఏదో చెప్పి ఆగితే, నవ్వాలి కాబోలనుకుని పెద్దగా నవ్వాను. నిచ్చెన మీంచి జారిపడ్డ సంగతి చెప్పాడట. అప్పటినుంచి నాతో మాటల్లేవు. అందుకే కాగితం, కలం పట్టుకున్నాను.

మీ నాన్న నిచ్చెన ఎక్కింది అటక సర్దడానికి. ఆ అటక మీద నీ పాటపెట్టె దొరికింది. నీలంరంగుది, మూత మీద చందమామ పడుకుని ఉంటుందే, అది. మూడేళ్ళు వచ్చేదాకా అది పాడందే నువ్వు నిద్రపోయేదానివి కాదు. మీ అమ్మ కీ ఇచ్చీ ఇచ్చీ వేళ్ళు బొబ్బలెక్కి, రాత్రి డ్యూటీ నాకు అప్పగించేది.

దాన్ని బల్లమీద పెట్టి కీ ఇచ్చాను. పాడింది. కానీ మధ్యమధ్య ఆగిపోయినట్టు ఖాళీలు. స్టాప్‌వాచీ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. పాట ఒక చుట్టు తిరిగేసరికి పదకొండు చోట్ల ఖాళీ. లోపల దువ్వెనకి కొన్ని పళ్ళు విరిగి ఉంటాయి. చిన్నప్పుడు నీకు చూపించేవాణ్ణి గుర్తుందా, ఇత్తడి డోలు మీది ముళ్ళు ఉక్కు దువ్వెన పళ్ళని మీటుతుంటాయి, పొడుగు పళ్ళు లావుగా, పొట్టి పళ్ళు సన్నగా మోగుతాయి. ఒక్క గంటలో కొత్త పళ్ళు అతికించి ఇవ్వగలను. నలభై ఏళ్ళుగా పాడే పెట్టెలూ కూసే గడియారాలూ బాగుచేసేవాడికి ఇదొక పనా?

తెరవకూడదు, అదీ చిక్కు. అడుగున ఇనప మూత వేసి నాలుగు రివెట్లు కొట్టారు. దానిమీద చెక్కి ఉంది: ‘తెరవరాదు. పెట్టె మీది, పాట మాది.’ ఆ బొమ్మల కంపెనీ నాకు గుర్తింపు పత్రం ఇచ్చినప్పుడు, వాళ్ళ సీలు విప్పనని సంతకం పెట్టాను. పత్రం ఇంకా గోడకి వేలాడుతోంది. మీరే బాగుచెయ్యండని రాస్తే, మరమ్మతుల విభాగం ఎత్తేశామన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

కాసేపు దిగులుగా కూర్చున్నాక ఒక ఆలోచన వచ్చింది. కిందటిసారి వచ్చినప్పుడు నువ్వు నేర్పావు చూడు, పాటలు పెట్టే సైటు. పెట్టె పాటని రికార్డు చేసి అందులో పెట్టాను. ఏయే సెకన్ల దగ్గర ఖాళీ ఉందో జాబితా రాసి, కింద ఇలా రాశాను: ‘ఇది ఒక పాపని నిద్రపుచ్చిన పాట. పదకొండు చోట్ల విరిగింది. దయచేసి మీ దగ్గరున్న ఏదో ఒక చప్పుడుతో నింపండి.’ పిన్ని చదివి, పిచ్చి ముదిరి పాకాన పడిందంది.

కొత్త ఉద్యోగం ఎలా ఉందో వివరంగా రాయి.

నీ బాబాయి

*

జూన్ 14

బాబాయ్,

నీ దస్తూరీ చూసి ఎన్నాళ్ళయిందో! నాన్నకి నేను సర్దిచెప్పాలే. మడమ బెణికింది, కోపం కూడా కొద్దిగా వాచింది, రెండూ తగ్గుతాయి.

ఉద్యోగం గురించి అడిగావు. నన్ను తీసుకుంది నువ్వు పాట పెట్టిన ఆ సైటువాళ్ళే. మా గదిని వినే గది అంటారు. గోడలకీ తలుపుకీ మందంగా ఉన్ని అతికించారు. లోపలికి వెళ్ళి తలుపు మూస్తే ఎంత నిశ్శబ్దమంటే, మొదటిరోజు నా కనురెప్పలు కొట్టుకున్న చప్పుడు వినపడి అటూ ఇటూ చూశాను. తెరమీద రెండు గీతలు వస్తాయి. పైది అసలు సొంతదారుది, కిందది ఎవరో పెట్టింది. ముందు మిషన్ పోల్చి చూసి ఇంత శాతం అని చెబుతుంది. తర్వాత మాలాంటి మనుషులు విని రెండు మీటల్లో ఒకటి నొక్కాలి: ‘ఒకటే’, ‘వేరే’. ఒకటే అంటే, నెల గడువిచ్చి ఆ పేజీ మొత్తం తీసేస్తారు. మనవాళ్ళ పాట ఏదైనా మన బల్లకి వస్తే మాత్రం పెద్దావిడకి చెప్పి పక్కన పెట్టాలి. పెద్దావిడంటే మా పైఅధికారి.

మధ్యాహ్నం దాకా విన్నాక క్యాంటీన్‌కి వెళితే అందరూ నీళ్ళడుగున మాట్లాడుతున్నట్టుంటుంది. పెదాలు కదులుతాయి, నాకు మాత్రం చెవుల్లో ఎవరి పాట తోకో ఒకటి తిరుగుతూ ఉంటుంది. నిన్న బస్సులో నిద్రపోయి రెండు స్టాపులు దాటిపోయాను. కలలో కూడా మీటలు నొక్కుతున్నాను. ఒక కలలో మబ్బులు రెండు వచ్చి ఒకటేనా వేరేనా అని అడిగాయి.

ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు, మూడు నెలలు చూస్తారట. అందుకే నీ ఖాళీల పరీక్షకి ఇప్పుడే కూర్చోలేను. ఆఫీసులో సొంత పాటలు వినడం నిషేధం, ఇంటికొచ్చాక చెవులకి సెలవు. త్వరలో వింటాను, ఒట్టు.

నా పాటలో ఖాళీలేమిటి, నాకు మాత్రం తలలో పూర్తిగానే ఉంది.

నీ చెవులపిల్లి

*

జూన్ 27

చెవులపిల్లీ,

జనం ఎంత మంచివాళ్ళో నీకు చెప్పాలి. మొదటివారం ఏడుగురు. తర్వాత ఒకళ్ళని చూసి ఒకళ్ళు. పొద్దున పేజీ తెరిస్తే రెండొందలు దాటారు.

ఒక మంగలి కత్తెర ఆడించి పంపాడు. ఒకామె గ్లాసుమీద చెంచాతో కొట్టింది. ఒక టైలరు నాలుగు కుట్లు. ఒకాయన కుర్చీ జరిపాడు, అంతే, కానీ ఎంత చక్కగా జరిపాడని! ఈతగత్తె ఒకమ్మాయి నీళ్ళలోంచి పైకి వచ్చి పీల్చిన ఊపిరి పంపింది. బడిపంతులు సుద్దముక్క విరిచాడు. ఒక ముసలామె ఏమీ పాడకుండా ‘ఊఁ’ అంది, కథ చెబుతుంటే కొట్టే ఊ లాగా. వాటిని ఎవరో సైటులోనే పాట మీద పేర్చి పెట్టారు. వాళ్ళు పేర్చినదాన్ని ఇంకొకరు మార్చి పేర్చారు. అన్నీ నా పేజీ కిందే చేరాయి. నా దుకాణంలోకి ఇంతమంది ఎప్పుడూ రాలేదు.

ఒకమ్మాయి మాత్రం ‘మీరు చూపిన ఖాళీ చాలా బాగుంది తాతగారూ, కళ్ళు మూసుకుంటేనే కనిపిస్తోంది’ అని రాసింది. ఏమిటో అర్థం కాలేదు. ఖాళీ కనిపించడమేమిటి? చదువుకున్నవాళ్ళ మాటలు, పోనీలే అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం పైకప్పు అద్దంలోంచి ఎండ బల్లమీద పడుతుంటే తల వాల్చి కునుకు తీశాను. కలలో ఒక మేడ. మెట్లు ఎక్కుతున్నాను, కొన్ని మెట్లు లేవు. లేనిచోటల్లా ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు నిలబడి భుజం వంచారు. వాళ్ళ భుజాలమీద కాలు పెట్టి ఎక్కాను, ఒక్కరూ బరువనలేదు. పైన గదిలో కిటికీ తెరలు ఊపిరి తీస్తున్నాయి, మంచంమీద నువ్వు, మూడేళ్ళదానివి, నిద్రపోతున్నావు. లేచేసరికి గోడమీది గడియారాలు తలో టైమూ చూపిస్తున్నాయి. ఏ టైములోకి లేవాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయాను.

పిన్ని అలిగింది. పిలిస్తే పలకట్లేదట. పిలిస్తే కదా పలకడానికి! ఆవిడ గొంతు ఈమధ్య మరీ సన్నబడింది, మందేమన్నా వాడమంటే ఇంకా కోప్పడింది.

నువ్వింకా వినలేదు కదూ? విను.

బాబాయి

*

జూలై 8

బాబాయ్,

విన్నాను. ఇంట్లో కాదు, ఆఫీసులో. సోమవారం పొద్దున నా తెరమీదికి మొదట వచ్చింది నీ పాటే. కంపెనీవాళ్ళు ఫిర్యాదు చేశారు. పై గీత వాళ్ళ పాట, కింది గీత నీ పెట్టె.

బాబాయ్, అందులో ఖాళీలు లేవు.

ఆరుసార్లు విన్నాను. చిన్నప్పటినుంచి తెలిసిన పాట కదా, నా జ్ఞాపకమే నింపేస్తోందేమో అనుకుని నీ జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్క సెకనూ విన్నాను. అన్ని స్వరాలూ ఉన్నాయి. మిషన్ నూటికి నూరు ఇచ్చింది. మిషన్‌కి చిన్నతనం లేదు కదా.

ఇలాంటి ఎత్తులు మాకు శిక్షణలో చూపించారు. పాట మొత్తం పెట్టి, ఇది పూర్తి పాట కాదండీ, విరిగిందండీ, ఆట అండీ అని కింద రాసుకునేవాళ్ళుంటారు. నువ్వు అలాంటివాడివి కాదని తెలుసు. కానీ మరి ఏమిటిది? నన్ను ఏడిపించడానికా? నలభై ఏళ్ళు పాటపెట్టెల్లో తల పెట్టుకుని బతికినవాడివి, పళ్ళు విరిగిందీ లేనిదీ తెలియదంటే ఎవరు నమ్ముతారు?

‘ఒకటే’ నొక్కాను. నిజం అదే కాబట్టి నొక్కాను. ఆగస్టు ఏడున పేజీ తీసేస్తారు, దానికింద ఉన్నవన్నీ దానితోపాటే పోతాయి. ఈలోపు నువ్వే తీసేసుకుంటే నీ పేరుమీద మచ్చ పడదు. దయచేసి ఆ పని చెయ్యి.

నీ చెవులపిల్లి

*

జూలై 15

గౌరవనీయులైన వినికిడి అధికారిణి గారి సమక్షమునకు,

తమరి ఉత్తరం అందింది. తమరు ఈ దుకాణంలోనే, ఈ బల్లకిందే, పడిపోయిన మేకులు ఏరుకుంటూ పెరిగారని విన్నాం. అదంతా మా ఎత్తులు పసిగట్టడం నేర్చుకోవడానికేనని ఇప్పుడు తెలిసింది.

పాట వాళ్ళది. కాదని నేనెప్పుడన్నాను? ఆ పాటలో తమరు పోయిన నిద్ర ఎవరిదో కూడా వాళ్ళనే అడిగి చెప్పండి. మూడొందలమంది వచ్చి తలా ఒక చప్పుడు పెట్టి వెళ్ళారు. ఆ మంగలి కత్తెరకి కంపెనీవాళ్ళు సాన పట్టారా? ఆ ఈతపిల్ల ఊపిరి వాళ్ళ ఫ్యాక్టరీలో తయారైందా? తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదరవంటారు. తమరు బెదిరారు.

నేను అబద్ధమాడానన్నారు. సరే. ఇన్నేళ్ళు తెరవని సీలు తెరుస్తాను. విరిగిన పళ్ళు ఫోటో తీసి తమకి పంపుతాను. అప్పుడు తమరు ఏ మీట నొక్కుతారో చూద్దాం.

ఇట్లు,
మరమ్మతుల వాడు

*

జూలై 20

బాబాయ్,

‘తమరు’ అన్నావు. దానికంటే తిట్టినా బాగుండేది.

సీలు తెరవొద్దు. ఇప్పటిదాకా పేజీ ఒక్కటే పోతుంది. తెరిస్తే ఒప్పందం మీరావని నీ మీదికే వస్తారు, పత్రం లాక్కుంటారు. కోపంలో ఏ పనీ చెయ్యకు, బతిమాలుతున్నాను.

ఇంకొక సంగతి చెప్పకుండా దాచాను. మనవాళ్ళదైతే పక్కన పెట్టాలని రూలు ఉందని రాశాను కదా. నేను పక్కన పెట్టలేదు. మా బాబాయిది అని పెద్దావిడతో చెప్పాల్సి వస్తుందని సిగ్గుపడ్డాను, ఉద్యోగం పోతుందని భయపడ్డాను. గబగబా నొక్కేసి తర్వాతి పాట తెరిచాను. నువ్వన్నది నిజమే, బెదిరాను.

చెవులపిల్లి

*

జూలై 24

చెవులపిల్లీ తల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికే తెరిచేశాను.

నిన్న మధ్యాహ్నం దుకాణం తలుపు దగ్గరగా వేసి సన్నరంపంతో రివెట్లు కోశాను. మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని లెక్కపెట్టాను. పద్దెనిమిది పళ్ళూ ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. కొత్తదాని లాగే మెరుస్తోంది.

దుమ్మేమో అనుకుని కుంచెతో తుడిచి నూనె చుక్క వేశాను. తర్వాత గోటితో ఒక్కొక్క పన్నూ మీటాను. పొడుగువాటినుంచి మొదలుపెట్టాను. పదమూడు మోగాయి. పద్నాలుగోది మీటాను. కదిలింది. దాని కొనమీద వెలుగు వణకడం భూతద్దంలో కనపడింది. చప్పుడు లేదు. పదిహేను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది, అన్నీ అలాగే వణికాయి. మళ్ళీ మీటాను. గట్టిగా మీటాను. పిన్ని వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడి ఏదో అంది. పెదాలు చూసి పట్టుకున్నాను. ‘ఎంత ముద్దుగా మోగుతోందో!’ అంది. అవును అన్నాను.

విరిగింది పెట్టె కాదమ్మా.

చెప్పేస్తున్నాను, చాలా భయం వేసింది. ఆ ఎండలో అలాగే కూర్చుండిపోయాను. గోడనిండా గడియారాలు ఆడుతున్నాయి. వాటిలో ఎన్ని టిక్కుమంటున్నాయో, ఎన్ని నాకు టిక్కుమన్నట్టు గుర్తున్నాయో తెలియలేదు. ఈ రెండుమూడేళ్ళలో నేను శ్రుతి చేసి ఇచ్చిన పెట్టెలు ఎలా పాడుతున్నాయో ఏమో. ఒక్కరూ తిరిగొచ్చి నిలదీయలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని ఊరుకున్నారేమో.

నువ్వు నొక్కిన మీట సరైనదే. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. తమరు అన్నందుకు నాలుక కోసుకోవాలి. నాకున్న ఒక్క బెంగ ఆ మూడొందలమంది గురించి. లేని ఖాళీ చూపించి వాళ్ళచేత పని చేయించాను. తెలిసి చెయ్యకపోయినా మోసమే కదా. పేజీ పోతే పోనీ. పిన్నికి ఇంకా చెప్పలేదు, నువ్వూ ఎవరికీ చెప్పకు.

బాబాయి

*

ఆగస్టు 1

బాబాయ్,

నీ ఉత్తరం బస్‌స్టాపులో చదివి అక్కడే ఏడ్చాను. పక్కనున్నామె నా చేతిలో రుమాలు పెట్టి బస్సెక్కి వెళ్ళిపోయింది.

నీది ఎత్తు అన్నాను. నీ చెవుల గురించి ఒక్క క్షణం కూడా తట్టలేదు. చెవులంటే నువ్వే అనుకుంటూ పెరిగాను. ఫోన్ గొణుగుతోందని రాస్తే నవ్వుకున్నాను, పిన్ని గొంతు సన్నబడిందని రాస్తే కూడా. రోజంతా వినడమే పనిగా బతికే నేను నువ్వు రాసింది వినలేదు. నన్ను క్షమించు బాబాయ్.

మర్నాడే పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, అది మా బాబాయి పాట, దాచాను అని చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నువ్వే దొరికిపోయావేమిటి అంది. నన్ను వినే గదిలోంచి తీసేసి, ఫిర్యాదు ఉత్తరాలు చదివే బల్లకి మార్చారు. నీ పాటని ఇంకొకరు విన్నారు. ఆయనా ‘ఒకటే’ అన్నాడు.

కొత్త బల్లమీద కంపెనీవాళ్ళ ఉత్తరం పూర్తిగా చదివాను. ‘సదరు ఖాళీలు, వాటిలో చేర్చిన శబ్దాలు కూడా మా పాటపై ఆనుకుని ఉన్నవే గనుక తొలగించవలెను’ అని రాశారు. లేని ఖాళీలు కూడా వాళ్ళవే! నవ్వొచ్చింది. తర్వాత ఆ ‘ఆనుకుని’ అన్న మాట రెండు రోజులు వదల్లేదు. ఆనుకున్న పాటని మనమే తీసేస్తే?

పేజీ పోవడానికి ఆరు రోజులుంది. ఖాళీలు నింపిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాస్తున్నాను. మీ చప్పుడు మీదే, మీకిష్టమైతే మీ చేత్తో మళ్ళీ పంపండి అని. సైటు నుంచి నేను ఒక్కటీ ఎత్తుకోవట్లేదు. అడగందే అమ్మయినా పెట్టదు కదా.

చెవులపిల్లి

*

ఆగస్టు 7

తల్లీ,

ఇవాళ పేజీ తెరిచాను. తెల్లగా ఉంది. మధ్యలో ఒక్క వాక్యం, హక్కుదారు కోరికమీద తొలగించామని. ఎంత తెలుపంటే, చూస్తూ చూస్తూ ఎక్కడ ఉన్నానో మర్చిపోయాను.

నువ్వు చేస్తున్నది ప్రేమతోనని తెలుసు. కానీ వద్దు. ముసలివాడికి చెవులు పోయాయి, పాపం తలా ఒకటి వెయ్యండని అడుగుతున్నావా వాళ్ళని? జాలి నాకు వద్దు. జాలికి పంపినవి వినలేను. ఎలాగూ సగం వినలేననుకో. ఆపెయ్యి. లేదంటే నేను చేసిన మోసం వాళ్ళకి చెప్పి క్షమించమను.

బాబాయి

*

ఆగస్టు 21

బాబాయ్,

ఆపలేదు. నీ ఉత్తరం వచ్చేసరికి రెండొందల నాలుగు వచ్చేశాయి. నీ చెవుల సంగతి నేను ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు, ఒట్టు. నువ్వు చెప్పొద్దన్నావు కదా.

ఖాళీలు లేవని వాళ్ళకి మొదటినుంచీ తెలుసు బాబాయ్. వాళ్ళందరికీ చెవులున్నాయి. మంగలి ఏం రాశాడో చూడు: ‘నాకు ఖాళీ వినపడలేదమ్మా. కానీ పెద్దాయన ఉందన్నాడు. లేదనడానికి నేనెవరిని? కాస్త చోటు చేసుకుని నా కత్తెర పెట్టాను.’ ఈతమ్మాయి, ‘నిండుగా ఉన్నచోట కూడా ఎవరో నాకోసం చోటు ఉంచారనిపించింది’ అని రాసింది. కుర్చీ జరిపినాయన ఆ ఒక్క చప్పుడుకోసం ఇంట్లో కుర్చీలన్నీ జరిపి చూశాడట. జాలి ఎవరికీ లేదు. నువ్వేదో గొప్ప ఆట కనిపెట్టావని అందరూ అనుకుంటున్నారు.

అవన్నీ ఎవరి సెకను దగ్గర వాళ్ళని పేర్చాను, నీ జాబితా ప్రకారమే. చుట్టుకి పదకొండు చొప్పున పందొమ్మిది చుట్లు వచ్చింది. ఆఖరి చుట్టులో ఆరుగురే ఉన్నారు. కంపెనీ పాట అడుగున తాడులా పరిచి ఉంది. ఆదివారం కిటికీ పక్కన కూర్చుని ఆ తాడు లాగేశాను.

పడిపోతాయనుకున్నాను. పడలేదు. కత్తెర, ఊపిరి, సుద్దముక్క, ‘ఊఁ’, ఒకదానికొకటి దూరంగా, కానీ ఒకే నడకలో వస్తూ ఉన్నాయి. వింటూ వింటూ నిద్రపోయాను బాబాయ్. పట్టపగలు, కుర్చీలో, మెడ వంకరగా. లేచేసరికి సాయంత్రమైంది, వీధిలో ఎవరో తివాచీ దులుపుతున్నారు, అది కూడా పాటలోదే అనుకున్నాను.

ఆ రెండొందల నలుగురి పేర్లూ రాసి, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చొచ్చు అని రాసి సైటులో పెట్టాను. పెట్టగానే మిషన్ పోల్చి చూస్తుంది కదా, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. కాసేపటికి తెరమీద వచ్చింది: ‘దేనితోనూ పోలిక లేదు.’

విను. ఎంత వినపడితే అంత.

నీ చెవులపిల్లి

*

సెప్టెంబరు 2

చెవులపిల్లీ,

పిన్నికి చెప్పేశాను. తనకి ఏడాదిగా తెలుసట! నేను చెబుతానేమోనని ఎదురుచూస్తూ, పిలిచి పిలిచి, అలిగి అలిగి ఉందట. మర్నాడే చెయ్యి పట్టుకుని చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. సన్నని చప్పుళ్ళు పోయాయి, తిరిగి రావన్నాడు. ఒక మిషన్ పెడతాడట, దానితో మాటలైనా తేటపడతాయట. మీ నాన్నతో అప్పుడు మళ్ళీ మాట్లాడతాను, జారిపడిన కథ మొదటినుంచీ చెప్పించుకుంటాను.

దుకాణం మూయట్లేదు. పొడుగు పళ్ళు నేను, పొట్టి పళ్ళు పిన్ని. నేను మీటుతాను, తను పైకా కిందికా అని వేలు చూపిస్తుంది. యజమాని ఎవరన్నది ఇంకా తేలలేదు. నేను పాడుచేసి ఇచ్చిన పెట్టెలు ఎవరి దగ్గరున్నా తెమ్మని తలుపుమీద రాసిపెట్టాం. గోడమీది పత్రం దించి, కోసిన నాలుగు రివెట్లు కవరులో వేసి, కంపెనీకి తిప్పి పంపాను. వాళ్ళేమంటారో వాళ్ళిష్టం. ఇకమీద ఎవరు పెట్టె తెచ్చినా తెరిచి చూస్తాను.

ఇక నీ పాట. స్పీకరుని బల్లమీద పడుకోబెట్టి, రెండు చేతులూ బల్లకి ఆనించి కూర్చున్నాను. పిన్ని ఎదురుగా కూర్చుని చప్పుడు వచ్చినప్పుడల్లా వేలెత్తింది. కుర్చీ జరగడం వినపడింది. ముసలామె ‘ఊఁ’ వినపడింది, ఆ ఊ ఎంత వెచ్చగా ఉందో! టైలరు కుట్లు అరచేతుల్లోకి వచ్చాయి. కత్తెర రాలేదు, పిన్ని వేలు లేచింది అంతే. ఊపిరి కూడా రాలేదు. కానీ పిన్ని అక్కడ తనూ ఊపిరి బిగబట్టింది, దాన్నిబట్టి తెలిసింది. మొదటి చుట్టు అయ్యేసరికి ఏడుపొచ్చింది. నేను పోగొట్టుకున్నాననుకున్న చోట్లలోనే వీళ్ళందరూ కూర్చుని ఉన్నారు. ఒక్కరి మొహం తెలియదు, ఒక్కరికీ నేను తెలియదు.

పందొమ్మిది చుట్లూ విన్నాం. పిన్ని వేలెత్తినా నాకు ఏమీ వినపడనివి డెబ్భై పైచిలుకు లెక్క తేలాయి. ఊరుకోవాలనిపించలేదు. ఆ చోట్లన్నిటికీ ఒక్కొక్కటి తయారుచేశాను. పెద్ద సుత్తితో బల్ల అంచుమీద కొట్టాను, నాకు వినపడేలా లావుగా. మొత్తం రికార్డు చేసి దీంతో పంపుతున్నాను, సెకన్లు వెనకవైపు రాశాను. వాటిని పాటలో చేర్చు.

ఆ చోట్లలో ఇప్పటికే ఎవరో ఒకరు ఉన్నారని నాకు తెలుసు. కాస్త సర్దుకుని కూర్చోమని చెప్పు.

నీ బాబాయి